భూమిక చూసిన మంట

పోయిన వారం దేవయ్యను కెమిస్ట్రీ ల్యాబ్‌లో, మూసిన తలుపు వెనక నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం పెద్దమనిషి, మోకాళ్లు పీకుతున్నా వారం రోజులుగా అక్కడే నిలబడి ఉన్నాడు. ఇక ఆయన్ని కదిలించక తప్పదు.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. దేవయ్య ఆర్మూర్‌లో హైవే మీదున్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్లుగా ల్యాబ్ అటెండర్. ఫిబ్రవరిలో అక్కడ ఫస్టియర్ పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష జరిగింది. తలా ఒక పొట్లంలో తెల్లటి పొడి ఇచ్చి, ఇది ఏ లవణమో పరీక్షలు చేసి కనిపెట్టమన్నారు. ముప్పై ఏడు మంది స్ట్రాన్షియం అని రాసి పాసయ్యారు. పెర్కిట్ నుంచి వచ్చే భూమిక ఒక్కతే బేరియం అని రాసి ఫెయిలయింది. తప్పు ఆ పిల్లదేనని అందరూ అనుకున్నారు. దేవయ్యా అదే అనుకున్నాడు. పోయిన వారం చెప్పుకున్న కథలో, కెమిస్ట్రీ చెప్పే రజని మేడం, క్లాసుకు పిల్లలు రాకముందు, అదే సీసాలోంచి చిటికెడు పొడి తీసి మంటలో పెట్టింది. స్ట్రాన్షియం అయితే మంట ఎర్రగా మండాలి. ఆకుపచ్చగా మండింది. ఆకుపచ్చ అంటే బేరియం.

మేడం గబగబా వెళ్లి తలుపేసి వచ్చి, "దేవయ్యా, మనమేం చూడలే. ఆ పిల్ల వచ్చే ఏడు మల్ల రాసుకుంటది, పాసయితది. గిది బయటపడ్డదంటే మాత్రం అందరి బతుకు బజార్ల పడ్తది," అన్నది. అక్కడ ఆగింది మన కథ.

"సరే మేడం" అన్నాడు దేవయ్య. ఇరవై ఆరేళ్లలో ఆయన ఇంకో మాట అన్నదెప్పుడు? మేడం అటు స్టాఫ్ రూమ్‌కు పోగానే ఇటు సీసా మూత తీసి, రెండు చెంచాల పొడి కాగితంలో పొట్లం కట్టాడు. స్పిరిట్ దీపం, యాసిడ్ చుక్కల సీసా గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాడు. మోకాళ్ల నొప్పులు, దవాఖానకు పోతున్నానని వాచ్‌మన్‌తో చెప్పి పెర్కిట్ ఆటో ఎక్కాడు. అబద్ధమాడడం కూడా చేతకాదు మనిషికి. దవాఖాన ఒక దిక్కు, ఆటో ఇంకో దిక్కు.

ఏప్రిల్ ఎండ ఆటో టాపు మీద పేలాలు వేయిస్తోంది. సంచి ఒళ్లో పెట్టుకుని దేవయ్య ఫిబ్రవరి నెలంతా మళ్లీ తవ్వుకున్నాడు.

ల్యాబ్ వెనక గోడకు ఆనుకుని పసుపు కళ్లం ఉంది. ఉడకబెట్టి ఎండబోసిన కొమ్ములను డ్రమ్ముల్లో వేసి పాలిష్ పట్టే రోజుల్లో ఆ దుమ్ము కిటికీల్లోంచి వచ్చి ల్యాబ్‌లో ప్రతి సీసాకూ పెళ్లికూతురి నలుగు పెడుతుంది. పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తున్నాడు కదా, సీసాలు కళకళలాడాలని ముందురోజు దేవయ్య అన్నిటినీ బకెట్లో ముంచి కడిగాడు. పక్కపక్కనుండే రెండు సీసాల లేబుళ్లు నీళ్లకు ఊడి వచ్చాయి. మైదా జిగురుతో అంటించినవి, ఎంతకాలం ఆగుతాయి? కిటికీలో ఆరబెట్టి, మళ్లీ జిగురు రాసి అతికించాడు. స్ట్రాన్షియం ఎప్పుడూ ఎడమ పక్కనే ఉండేది, కాబట్టి ఎడమ పక్కన ఉన్నదే స్ట్రాన్షియం అనుకున్నాడు. కడిగి పెట్టేటప్పుడు వరుస తారుమారైందేమో అన్న అనుమానం రవ్వంత కూడా రాలేదు. రెండూ తెల్ల పొడులే, ఉప్పు, చక్కెరలా నాలుక మీద వేసుకుని చూసేవి కావు.

సరే, పొరపాటు. మనిషన్నాక చెయ్యి తప్పుతుంది. అంతటితో పోతే దేవయ్య ఇంతగా కుమిలిపోయేవాడు కాదు. అసలు సంగతి ఆ పొట్లాల మడతల్లో ఉంది.

పరీక్ష రోజు పొట్లాలు కట్టేది దేవయ్యే. కట్టేటప్పుడు ప్రతి కాగితం లోపలి మడత మీద, లోపలి లవణం పేరు పెన్సిల్‌తో సన్నగా రాసేవాడు. ఒకరు చెప్పి చేయించింది కాదు, ఒక్క కప్పు చాయ్ కూడా ఆశించి చేసింది కాదు. ఇరవై ఏళ్ల కింద ఒక పిల్ల, బీడీలు చుట్టి చుట్టి వేళ్లు పగిలిన పిల్ల, పరీక్షనాళిక పట్టుకుని వెక్కివెక్కి ఏడిస్తే చూడలేక మొదలుపెట్టాడు. ఆ తర్వాత అది ఆనవాయితీ అయిపోయింది. కొత్త బ్యాచ్‌కు పాత బ్యాచ్ చెప్పేది: "దేవయ్య తాత పొట్లం విప్పి సూడుండ్రి, గంతే." పిల్లలు పేరు చూసుకునేవారు, పొడి సింకులో పారబోసేవారు, రికార్డు బుక్కులో బట్టీ పట్టిన పరీక్షలన్నీ చేసినట్టే రాసేవారు. దీపం వెలిగించే పనే లేదు. ఈ ఏడు కాలేజీకి కొత్త సరుకు రాలేదు, అందరికీ ఒకే సీసాలో పొడి. ముప్పై ఎనిమిది పొట్లాలు, ముప్పై ఎనిమిది చోట్ల ఒకే పేరు. ఎగ్జామినర్ సారు బిర్యానీ తిని స్టాఫ్ రూమ్ ఫ్యాను కింద కునుకు తీశాడు. ఇంకేం కావాలి?

ఆ ముప్పై ఏడు మందిలో దేవయ్య మనవరాలు దీక్షిత కూడా ఉంది. కొడుకూ కోడలూ కువైట్‌లో ఉంటే, పదేళ్లుగా ఈ తాతే పెంచిన పిల్ల. ఆమె పొట్లం మీద రాసినప్పుడు పెన్సిల్ కొంచెం గట్టిగానే నొక్కాడు, చూపుకు ఆనకపోతుందేమోనని. ఆ సంగతి తలచుకుంటే ఇప్పుడు ఆటోలో చెమటతో పాటు సిగ్గు కూడా కారింది. జాలి మంచిదే, కాదనం. కానీ చదువు చెప్పాల్సిన చోట జాలి పంచిపెడితే ఏమవుతుందో దేవయ్యకు అరవై ఏళ్లు దగ్గరపడ్డాక తెలిసింది.

భూమిక ఇల్లు హైవే దిగి రెండో సందులో. రేకుల ఇంటి ముందు నీడలో తల్లి రాధాబాయి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. దేవయ్యను చూసి చాట పక్కకు జరిపింది.

"ఏం కాకా, గింత ఎండల వచ్చినవ్? కూసో, నీళ్లు తెస్త."

"భూమిక ఉన్నదా బిడ్డా?"

"ఉండక యాడికి పోతది? రెండు నెల్ల సంది గడప దాటుతలేదు." రాధాబాయి నీళ్ల చెంబు ఇచ్చి, గొంతు తగ్గించింది. "రేపు పది గంటలకు పోయి టీసీ తెచ్చుకుంటదట. ల్యాబ్ టెక్నీషియన్ అయి పెద్ద దవాఖానల కొలువు చేస్తనన్న పిల్ల, ఇప్పుడు సదువే ఒద్దంటున్నది. ఆల్ల నాయినకు ఇంకా చెప్పలే. దుబాయ్‌ల ఉన్న ఆ మనిషి ఇంటే అన్నం ముట్టడు."

"ఎందుకు ఒద్దంటున్నది?"

"కండ్లంట కాకా! నా కండ్లకు రంగులు సరిగ కనిపిస్తలేవు, రంగులు తెల్వనోళ్లకు ల్యాబ్‌ల పనేమున్నది అంటది. ఆ మేడం క్లాసుల అందరి ముంగట అన్నదట కద, ఎర్రగ మండేదాన్ని ఆకుపచ్చ అని రాసింది మహాతల్లి, పోయి కండ్లు చూపెట్టుకో అని. అందరు నవ్విండ్రట. అద్దాల దుకాణానికి తోల్కపోయిన. అక్షరాలన్నీ గడగడ చదివింది. రంగుల సంగతి నాకెర్కలేదన్నడు ఆ పిలగాడు. పెద్ద డాక్టర్ తానకి పోదాం రమ్మంటే రాదు. కండ్లల్ల దోషమున్నదని తేలితే ఏం జేద్దుమే అంటది." రాధాబాయి దారపు ఉండ చూపించింది. "ఇగో, బీడీలకు దారం కట్టాలన్నా నన్ను అడుగుతది కాకా. అమ్మా, గిది ఎర్రదేనా అని. చిన్నప్పటి సంది కట్టిన చెయ్యి."

దేవయ్య నీళ్ల చెంబు కింద పెట్టేశాడు. ఫెయిలయింది, మార్కులు పోయాయి, మళ్లీ రాసుకుంటుంది అనుకుంటూ వచ్చాడు ఇంతసేపూ. పోయింది మార్కులు కాదని ఇప్పుడు తెలిసింది. ఆ పిల్లకు తన కళ్ల మీద తనకున్న నమ్మకం పోయింది, దాన్ని పోగొట్టింది దేవయ్య చెయ్యే.

భూమిక లోపలి నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మనిషి సగమైంది. "మంచిగున్నవా తాతా?" అన్నది మర్యాదకు.

"ఇట్ల రా బిడ్డా. నీకొకటి చూపెట్టాలె."

"ల్యాబ్ సంగతి అయితే ఒద్దు తాతా. నేను మానేస్తున్న."

"ఒక్కసారి చూడు. తర్వాత నువ్వు తిట్టినా పడ్త, కొట్టినా పడ్త."

లోపలి గదిలో కిటికీ మూయించాడు దేవయ్య. గచ్చు మీద స్పిరిట్ దీపం పెట్టి వెలిగించాడు. పొట్లం విప్పి చిటికెడు పొడి సీసా మూతలో వేసి, రెండు చుక్కలు యాసిడ్ కలిపాడు. రాధాబాయి వెంట తెచ్చుకున్న బీడీల చాట దగ్గరే ఉందని చూసి, "అమ్మా, జర దూరం పెట్టు, గిది విషం. చేతులు గూడ తర్వాత కడుక్కోవాలె," అన్నాడు. చీపురుపుల్ల కొసను ఆ ముద్దలో తిప్పి మంటలో పెట్టాడు.

మంట ఒక్కసారి నాలుక చాపింది.

"ఏం రంగు బిడ్డా?"

భూమిక మంట వైపు చూసింది, తల్లి వైపు చూసింది. "నువ్వు చెప్పమ్మా."

"నేనేం చెప్పాల్నే? సదువుకున్నదానివి నువ్వు."

"చెప్పమ్మా నీకు దండం పెడ్త. ఏం రంగు కనిపిస్తున్నది నీకు?"

"ఆకుపచ్చ. ఇంకేం రంగు? చిలుక రెక్క లెక్క లేదూ?"

"నిజంగనా? నా కోసం చెప్తలేవు కద?"

"నీ మీద ఒట్టే పిల్లా! నాకు అబద్ధమాడేటిది ఏమున్నది?"

భూమిక దేవయ్య చేతిలో పుల్ల లాక్కుంది. తనే ముద్దలో తిప్పింది, తనే మంటలో పెట్టింది. ఆకుపచ్చ. ఇంకో పుల్ల. మళ్లీ ఆకుపచ్చ. నాలుగోసారి పెట్టబోయి పుల్ల పక్కన పెట్టేసింది. అక్కడే గచ్చు మీద కూలబడి, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. రెండు నెలలుగా దాచుకున్న ఏడుపు, అంత తొందరగా ఆగుతుందా? రాధాబాయి బిడ్డ వీపు నిమురుతూ ఏమీ అర్థంకాక దేవయ్య వైపు చూసింది.

"నీ కండ్లకు ఏం గాలే బిడ్డా," అన్నాడు దేవయ్య. "పరీక్షల ఇచ్చింది గీ పొడే. గిది బేరియమే. నువ్వు రాసిందే కరెక్టు. లేబుళ్లు నేను తారుమారు చేసిన. ఇయ్యాలనే తెల్సింది నాకు."

జరిగిందంతా చెప్పాడు. పసుపు దుమ్ము, బకెట్ నీళ్లు, ఊడిన లేబుళ్లు, మేడం తలుపు మూయడం, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ భూమిక కళ్లు తుడుచుకుంటూ వింది. విని, దీపం పక్కకు జరిపింది.

"తాతా, నీకొకటి చెప్పనా? పొట్లం మడతల నీ పెన్సిల్ రాత నేను చూసిన."

దేవయ్య అదిరిపడ్డాడు. ఈ పిల్ల మడత విప్పి చూసి ఉండదు, అందుకే వేరే రాసింది అనుకుంటున్నాడు ఇన్నాళ్లూ.

"చూసినవా? చూసి గూడ..."

"చూసిన. అందరు పొడి పారబోస్తున్నరు. నేను దీపం ముట్టించిన. ఎందుకంటవా? ఏడాదంత ఆశపడ్డ తాతా, ఒక్కనాడన్న నా చేతులతోని నేను కనిపెట్టాలని. మంట ఆకుపచ్చగ వచ్చింది. మల్ల పెట్టిన, మల్ల గదే. క్రోమేట్ పోస్తే అడుగున పసుపు పేరింది, గదీ బేరియం గుర్తే. నీ రాతనేమో స్ట్రాన్షియం అంటున్నది. అందరు రాసేది రాద్దామా అని పది నిమిషాలు పెన్ను పట్టుకొని కూసున్న. కండ్ల ముంగట ఒకటి కనిపిస్తుంటే ఇంకోటి ఎట్ల రాయాలె? గందుకే బేరియం రాసిన."

"మంచిగ రాసినవ్ బిడ్డా..."

"ఆగు తాతా, ఇంకా చెప్పలే." ఆమె గొంతు గట్టిపడింది. "ఫెయిలయినంక ఏమనుకున్ననో తెల్సా? మేడం తప్పు చెప్పొచ్చు, మేడం వచ్చి ఏడాదే అయ్యింది. పుస్తకంల తప్పు పడొచ్చు. దేవయ్య తాత ఇరవై ఆరేండ్ల సంది ఆ సీసలతోనే ఉన్నడు, తాత రాత తప్పు పోదు. గయితే తప్పు నా కండ్లదే అనుకున్న. మేడం మాటకు కాదు తాతా, నీ రాతకు నమ్మిన నేను."

దేవయ్యకు చెంప మీద కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. తిడుతుందనుకుని వచ్చాడు, దానికి సిద్ధంగానే ఉన్నాడు. నమ్మానంటుందని అనుకోలేదు. రెండు చేతులూ జోడించాడు. ఆ చేతులు చూస్తే సిల్వర్ నైట్రేట్ మరకలతో గోళ్లన్నీ నల్లగా ఉన్నాయి.

"మాఫ్ చెయ్యి బిడ్డా. మంచి చేస్తున్ననని పిల్లలందరిని గుడ్డోళ్లను చేసిన. చూసేదానివి నువ్వొక్కదానివి ఉంటివి, నిన్ను గూడ చేసిన. నా పాపం ఏడ కడుక్కోవాలె?"

"నాకు మొక్కకు తాతా. మేడం యాడ అన్నదో ఆడనే వచ్చి చెప్పు. నాకు గంతే కావాలె."

"చెప్త. ఎందుకు చెప్ప?"

అన్నాడే గానీ, ఆ మాట వెనక ఏముందో భూమిక ముందే చూసింది. కళ్లున్న పిల్ల కదా. దీపం వైపు చూసి నెమ్మదిగా అన్నది: "తాతా, నాది కరెక్టు అయితే మిగిలినోళ్లది? ఆకుపచ్చగ మండేదాన్ని ఎర్రగ మండిందని ముప్పై ఏడు మంది ఎట్ల రాసిండ్రు? గా మాట ఎవరన్న అడిగితే ఏం చెప్తవు?"

రజని మేడం తలుపు ఎందుకు మూసిందో ఇప్పుడు రాధాబాయికి కూడా అర్థమైంది. భూమిక నిజమని తేలితే చాలు, ఆ ముప్పై ఏడు జవాబులూ కాపీ అని వాటంతటవే తేలిపోతాయి. అందులో ఒక్కరు దీపం ముట్టించి ఉన్నా ఎర్ర మంట అని రాయలేరు. పరీక్ష రద్దవుతుంది. పిల్లలందరి మీదా మచ్చ పడుతుంది.

"ఒద్దే భూమీ," అన్నది రాధాబాయి. "అందరు మన అసుంటోళ్ల పిల్లలే. ఆల్ల ఉసురు మనకెందుకు? నీ కండ్లు మంచిగున్నయని తెల్సింది కద, గంతే చాలు. వచ్చే ఏడు మల్ల రాసుకో."

"చాలా అమ్మా? రెండు నెల్లు నేను పండుకున్ననా, తిన్ననా? ఆల్లు ఫెయిల్ గావాలని నాకు లేదు. గని ఆల్లంత పాసయి, నేను మాత్రం రంగులు తెల్వనిదాన్నని పేరు మోసుకుంట తిరగాల్నా? క్లాసుల నవ్వినోళ్లల్ల దీక్షిత గూడ ఉండె. నా పక్క బల్లనే." తర్వాత దేవయ్య ముఖం చూసి గొంతు తగ్గించింది. "దానికి తెల్వక నవ్వింది తాతా. నాకు దాని మీద కోపం లేదు."

దేవయ్య ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా ఒక సందు దొరికింది ఆయనకు. ఇరవై ఆరేళ్లు పెద్దల మధ్య నలిగినవాడు, సందులు వెతకడం అలవాటు. "సీస ఉన్నది కద బిడ్డా," అన్నాడు ఆశగా. "రేపు నీకన్న ముందుగాల నేను పోతా. సీస పట్టుకపోయి ప్రిన్సిపల్ సార్ బల్ల మీద పెట్టి, కండ్ల ముంగట మంట పెడ్త. నేను ఒక్క పేరు చెప్పే పనిలేదు. లేబుల్ తప్పు అని సీసనే చెప్తది. నీ మార్కులు నీకొస్తయ్. పొట్లాల సంగతి ఆల్లు అడిగితే అప్పుడు చూసుకుందాం."

అడగరా మరి? అడగరనే ఆయన ఆశ. మునిగేవాడు గడ్డిపోచను పట్టుకుంటే మనం నవ్వకూడదు.

సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. పాత బటన్ల ఫోను. చెవి సరిగ్గా వినపడదని ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంచుతాడు. దీక్షిత గొంతు గదంతా నిండింది.

"తాతా! దవాఖానల చూపెట్టుకున్నవా? మోకాళ్లకు ఏమన్నడు డాక్టరు?"

"ఆఁ... చూసిండు బిడ్డా. యాడున్నవ్ నువ్వు?"

"ల్యాబ్‌లనే. నీ పని నేనే చేసి పెట్టిన ఇయ్యాల, చాయ్ ఇప్పియ్యాలె నువ్వు నాకు. రజని మేడం పిలిచి, మీ తాతకు బాగలేదంట కద, పాత సీసలు రెండు కడిగి పెట్టమ్మా అన్నది. కొత్త సరుకు వస్తున్నదంట. స్ట్రాన్షియం సీస, దాని పక్క సీస. పొడంత సింకుల పోసి నీళ్లు ఇడిసిన. లేబుళ్లు గూడ గీకి పారేసిన, ఎంత గట్టిగ అంటించినవ్ తాతా! సబ్బు పెట్టి తళతళ మెరిపించిన. మేడం మస్తు మెచ్చుకున్నది."

దేవయ్య గచ్చు మీది పొట్లం వైపు చూశాడు. "మంచిది బిడ్డా. ఇంటికి పో. ఎండల తిరగకు," అని ఫోను మంచం మీద పెట్టాడు.

రజని మేడంను తిట్టడానికి కూడా దేవయ్యకు నోరు రాలేదు. ఆమె తన ముప్పై ఏడు మంది పిల్లలను కాపాడుకుంటున్నాననుకుంది, ఇరవై ఏళ్లుగా తనూ అదే అనుకున్నాడు కదా. కానీ కడగడానికి ఇంకో చెయ్యే దొరకలేదా ఆమెకు? ఆ పసిదాని చేతితోనే కడిగించాలా? లోపల ఏముందో తెలియకుండా, తాతకు సాయం చేస్తున్నానని మురిసిపోతూ కడిగింది పిచ్చిపిల్ల.

"గీ పొట్లం ఉన్నది కద ఇంకా," అన్నది రాధాబాయి, గచ్చు మీది కాగితం చూపిస్తూ. "గిది చూపెట్టరాదూ?"

భూమిక తల అడ్డంగా ఊపింది. "గిది ఏ సీసలదో ఎవరు నమ్ముతరమ్మా? యాడినుంచో తెచ్చిండ్రంటరు. ఇగ తాత మాటనే ఉన్నది. తాత మాట నమ్మాలంటే తాత మొదటి నుంచి చెప్పాలె. లేబుళ్లు ఎట్ల మారినయో చెప్పాలె, పొట్లాలు ఎవరు కట్టిండ్రో చెప్పాలె, మడతల ఏం రాసిండో చెప్పాలె. ఎవరెవరికి రాసిండో గూడ చెప్పాలె." లేచి దేవయ్య ముందుకు వచ్చి కూర్చుంది. "నేను నిన్ను బలవంతం చెయ్యను తాతా. నాకు నిజం తెల్సింది, గది నువ్వే వచ్చి చెప్పినవ్, చాలామంది గిది గూడ చెయ్యరు. రేపు పదింటికి టీసీ మీద సంతకం. నువ్వు వస్తే నేను సంతకం పెట్ట. నువ్వు రాకపోతే పెట్టి వస్త. వస్తవా?"

"వస్త."

"వచ్చి అన్ని చెప్తవా?"

"చెప్త బిడ్డా."

"నీ కొలువు పోతది."

"పోనీ. ఇంకో రెండేండ్లకు పోయేదే కద."

అడగాలని లేదు భూమికకు, అడగకుండా ఉండలేకపోయింది. "దీక్షిత పేరు గూడ చెప్తవా తాతా?"

దేవయ్య కళ్లు మూసుకున్నాడు. పదేళ్ల కింద ఎయిర్‌పోర్ట్ బస్సెక్కుతూ కొడుకు తన చేతిలో పెట్టిపోయిన పిల్ల కళ్ల ముందు నిలబడింది. దాని జ్వరాలు, దాని అలకలు, డిగ్రీలో సీటు వచ్చిందని వీధంతా పేడాలు పంచిన రోజు. ఆ పిల్ల పేరు తన నోటితో తను చెప్పడమంటే బతికుండగా నాలుక కోసుకోవడమే. చెప్పకుండా ముప్పై ఆరు మంది పేర్లు చెబితే, అది మనిషి పని కాదు. ఎదురుగా ఈ పిల్ల చూస్తోంది, ఆ చూపును ఇంకోసారి తప్పని తేల్చే ఓపిక ఆయనకు లేదు. కన్నీళ్లు గడ్డం మీదికి జారుతుంటే తుడుచుకోలేదు.

"అందరికన్న ముందుగాల దీక్షిత పేరే చెప్త బిడ్డా," అన్నాడు. "ఇంటి పిల్లను దాచుకొని, పరాయి పిల్లలను పట్టిచ్చినోణ్ణి ఎవరు నమ్ముతరు? దాని పొట్లం మీద రాసింది నేనే, అది దీపం ముట్టియ్యకుండనే రాసిందని నేనే చెప్త."

ఫోను మాట్లాడాక ఎర్ర బటన్ నొక్కాలన్నది దేవయ్యకు ఒక్కనాడూ గుర్తుండదు. తడి చేతులతో ఉందో ఏమో, అవతల దీక్షితా నొక్కలేదు. మంచం మీది ఫోనులోంచి ముందు ఊపిరి వినిపించింది, తర్వాత సన్నగా, వణుకుతూ గొంతు.

"తాతా... నువ్వు దవాఖానల లేవా? నా పేరు ఎవలకు చెప్తవ్ తాతా? నేను గిప్పుడు కడిగిన సీసల ఉన్నది ఏంది?"